బ్రాడ్‌గేట్ పార్కు చుట్టూ రెండు గంటల నడక: గోడ, బురుజు, వాగు గుర్తులుగా

ఇంగ్లాండులోని లెస్టర్ నగరానికి వాయవ్యంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో బ్రాడ్‌గేట్ పార్కు ఉంది. పార్కు అంటే పూలమొక్కలు, బెంచీలు, ఉయ్యాలలు అనుకుని వెళ్తే మొదటి పది నిమిషాల్లోనే కాళ్లు బురదలో దిగబడతాయి. ఇది సుమారు 830 ఎకరాల రాతిగుట్టలు, గడ్డి బీళ్లు, ముసలి ఓక్ చెట్లు, మధ్యలో ఒక చిన్న వాగు. జమీందార్ల వేట కోసం జింకల్ని పెంచిన ఆవరణ. దీని ప్రస్తావన 1241 నాటి పత్రాల్లోనే ఉంది. జింకలు ఇప్పటికీ ఇక్కడ స్వేచ్ఛగా తిరుగుతుంటాయి.

లెస్టర్‌లో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, పిల్లల్ని చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు హాయిగా తిరిగి రాగలిగే దారి ఇక్కడ చెబుతున్నాం. మొత్తం 5 నుంచి 6 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు సుమారు 110 మీటర్లు. ఆగకుండా నడిస్తే గంటన్నర, చూస్తూ నడిస్తే రెండున్నర గంటలు. చూస్తూనే నడవండి.

ఈ దారికి మ్యాపు కన్నా మూడు గుర్తులు ముఖ్యం. ఎక్కేటప్పుడు ఎడమ చేతి పక్క రాతిగోడ. మధ్యలో గుట్ట మీద బురుజు. వచ్చేటప్పుడు మనకు ఎదురుగా పారే వాగు. ఈ మూడూ గుర్తుంటే ఫోన్ చచ్చిపోయినా కారు దగ్గరికి చేరతారు.

ఏ గేటు దగ్గర మొదలుపెట్టాలి

పార్కుకు మూడు కార్ పార్కులున్నాయి: న్యూటౌన్ లిన్‌ఫోర్డ్, హంట్స్ హిల్, హాల్‌గేట్స్. ఫోన్‌లో ఊరికే 'బ్రాడ్‌గేట్ పార్క్' అని కొడితే మూడింటిలో దేని దగ్గరికైనా తీసుకుపోవచ్చు. రెండు కార్లలో వెళ్లినవాళ్లు చెరో గేటు దగ్గర నిలబడి ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడం ఇక్కడ మామూలే. అందుకని 'న్యూటౌన్ లిన్‌ఫోర్డ్ కార్ పార్క్' అని పూర్తి పేరుతో వెతకండి. ఊరి నడి వీధిలో చర్చి పక్కనే ఉంటుంది.

హంట్స్ హిల్ గేటు బురుజుకు బాగా దగ్గర కాబట్టి అక్కడ ఆపితే సుఖం అనిపిస్తుంది. ఐదు నిమిషాల ఫొటో కోసమైతే నిజమే. చుట్టూ నడవాలంటే మాత్రం అది తప్పు లెక్క. అక్కడి నుంచి ముందు దిగి, వాగు దాకా వెళ్లి, అలిసిపోయాక చివర్లో గుట్టంతా ఎక్కాలి. న్యూటౌన్ లిన్‌ఫోర్డ్ నుంచి మొదలుపెడితే కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఎక్కుడు అయిపోతుంది, ఆఖరి కిలోమీటరు చదునైన తారు రోడ్డు మీద సాగుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

పార్కింగుకు డబ్బు కట్టాలి. ఎండ కాసిన ఆదివారాల్లో పదకొండుకల్లా స్థలం నిండిపోతుంటుంది, తొమ్మిదిన్నరకు చేరేలా చూసుకోండి. చీకటి పడే వేళకు గేట్లు మూస్తారు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగు లోపే పొద్దు గుంకుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. చలికాలంలో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక బయలుదేరకండి. భోంచేసి తీరిగ్గా వెళ్దాంలే అనుకుంటే కుదరదు.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, గుట్ట మీద గాలికి ఆ తడి ఎముకల దాకా చలి పుట్టిస్తుంది. త్వరగా ఆరిపోయే ట్రాక్ ప్యాంటు మేలు. పైన ఒకే లావుపాటి కోటు కాకుండా మూడు పొరలు వేసుకోండి: లోపల పలుచని టీషర్టు, మధ్యలో ఫ్లీస్ లాంటిది, పైన గాలినీ వాననూ ఆపే జాకెట్. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది కాబట్టి మొదలుపెట్టేటప్పుడే ఒక పొర విప్పి సంచిలో పెట్టుకోండి. కొంచెం చలిగా అనిపిస్తుండగా బయలుదేరడమే సరైన పద్ధతి. పైకి చేరగానే, చలి వేయకముందే, ఆ పొర మళ్లీ తొడుక్కోవాలి.

చెప్పుల కింద అడుగు నున్నగా ఉంటే ఈ దారికి పనికిరావు. అడుగున లోతైన గట్లు ఉన్న బూట్లు కావాలి. లేసులు కట్టడంలో ఒక కిటుకు ఉంది: ఎక్కేటప్పుడు మామూలుగా కట్టండి, దిగే ముందు ఆగి చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టండి. లేకపోతే దిగుడులో పాదం ముందుకు జారి వేళ్లు బూటు కొనకు కొట్టుకుంటూ ఉంటాయి. మర్నాడు బొటనవేలి గోరు నల్లబడితే కారణం అదే. చీర కట్టుకుని రావాలనుకునే పెద్దవాళ్లు కింద చెప్పిన తారు రోడ్డు దారి పట్టడం మంచిది.

నీళ్లు మనిషికి వేసవిలో ఒక లీటరు, చలికాలంలో అర లీటరు చాలు. తిండి విషయానికొస్తే, గాలిలో చెయ్యి చల్లబడిపోతుంది కాబట్టి కలిపి తెచ్చుకున్న పులిహోర, చపాతీ చుట్టలు సుఖం. అన్నం, కూర, పెరుగు డబ్బాలు విడివిడిగా తెస్తే మూతలు గాలికి ఎగిరిపోతాయి. ఒక ఖాళీ కవరు పెట్టుకోండి. తిన్న ఆకులు, తొక్కలు, టిష్యూలు అన్నీ దాంట్లో వేసి వెనక్కి తెచ్చేయాలి. పొయ్యి, బార్బెక్యూ వెలిగించకూడదు. ఎండాకాలంలో ఇక్కడి గడ్డి, ఫెర్న్ పొదలు ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి.

కార్ పార్కు దగ్గరే టాయిలెట్ పని ముగించుకోండి. పైన బురుజు దగ్గర ఏమీ ఉండదు.

మొదటి అంచె: గోడ పట్టుకుని పైకి

గేటు దాటగానే ఎదురుగా వెడల్పాటి తారు రోడ్డు కనిపిస్తుంది. జనంలో ఎక్కువమంది అటే వెళ్తుంటారు. మీరు వెళ్లొద్దు, అది మనం తిరిగొచ్చే దారి. లోపలికి రాగానే ఎడమకు తిరిగి, పార్కు సరిహద్దు గోడ పక్కనే పైకి పోయే గడ్డిబాట పట్టండి.

ఈ గోడను ఒకసారి దగ్గరగా చూడండి. సున్నం లేదు, సిమెంటు లేదు. స్థానికంగా దొరికే రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చారంతే. రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది. అందుకే దాని మీదికి ఎక్కకూడదు. ఒక్క రాయి కదిలితే దాని చుట్టూ ఉన్నవి వరసగా జారతాయి.

అక్కడి నుంచి బురుజు దాకా ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు ఎక్కుడే. నిట్టనిలువు ఎక్కడా లేదు కానీ ఏటవాలు తెరపి లేకుండా సాగుతుంది. తొందరపడి మొదటి ఐదు నిమిషాల్లో రొప్పు తెచ్చుకోవద్దు. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలుగుతున్నారంటే వేగం సరిపోయిందని లెక్క. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించండి.

వాన పడిన రెండు మూడు రోజుల వరకూ బాట మధ్యభాగం బురదగా ఉంటుంది. బురద తప్పించుకోవాలని అందరూ పక్కకు పక్కకు తొక్కడం వల్ల బాట ఏడాదికేడాది వెడల్పవుతోంది, పక్కనున్న గడ్డి చచ్చిపోతోంది. బూట్లు ఎలాగూ తడుస్తాయి, బాట మధ్యలోంచే నడవండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా బాటకు రెండు పక్కలా బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క మనిషి ఛాతీ దాకా, కొన్నిచోట్ల తల దాకా పెరుగుతుంది. పిల్లలకు అందులో దూరి దాగుడుమూతలు ఆడాలనిపిస్తుంది. పిడుదులు కాచుకుని ఉండేది ఆ ఆకుల మీదే, కాబట్టి ఆపండి. ఇక్కడి పిడుదుల్లో కొన్ని లైమ్ అనే సూక్ష్మజీవి జబ్బు అంటిస్తాయి. ప్యాంటు కొసల్ని మేజోళ్లలోకి దోపుకోండి. చూడ్డానికి బాగుండదు కానీ బాగా పనిచేస్తుంది. లేత రంగు ప్యాంటు అయితే పాకే పురుగు నల్లగా కనిపిస్తుంది కూడా.

పైకి పోయేకొద్దీ బురుజు కనిపిస్తూ దాగుతూ ఉంటుంది. గోడ ఎడమకు, హంట్స్ హిల్ వైపు ఒదిగిపోతున్నప్పుడు గోడను వదిలేసి కుడిగా బురుజు మీదికి వెళ్లే బాట పట్టండి. ఇక్కడ గోడనే నమ్ముకుని పోతే హంట్స్ హిల్ కార్ పార్కులో తేలతారు.

రెండో అంచె: ఓల్డ్ జాన్ బురుజు

గుట్ట ఎత్తు సముద్రమట్టానికి 212 మీటర్లు. బురుజు కట్టింది 1784లో, అప్పటి భూస్వామి ఐదో ఎర్ల్ ఆఫ్ స్టామ్‌ఫోర్డ్. కోటలో భాగమేమీ కాదు. దూరం నుంచి చూడ్డానికి ముచ్చటగా ఉండాలని కట్టించుకున్న కట్టడం. కొంచెం దూరంగా జరిగి పక్క నుంచి చూడండి: పిడి ఉన్న పెద్ద బీరు చెంబులా కనిపిస్తుంది. జాన్ అనే ముసలి మిల్లు పనివాడికి బీరంటే ప్రాణమనీ, జమీందారు ఇంటి సంబరాల్లో వేసిన భోగిమంట లాంటి పెద్ద మంట నుంచి దుంగ మీద పడి చనిపోయాడనీ, అతని జ్ఞాపకంగా చెంబు ఆకారం వచ్చిందనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. కథ చెప్పే ఆ సంబరాల కన్నా బురుజు మీదున్న 1784 అనే సంవత్సరమే ముందుది. కాబట్టి కథను కథగానే వినండి.

బురుజు దగ్గర గాలి ఎప్పుడూ ఎక్కువే. కూర్చుని తినాలనుకుంటే శిఖరం మీద వద్దు. గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి నాలుగడుగులు దిగితే రాతి చాటు దొరుకుతుంది, అక్కడ గాలి సగానికి సగం తగ్గిపోతుంది.

మీరు ఆనుకుని కూర్చున్న ఆ రాయి గురించి ఒక మాట. ఇది సుమారు 56 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాల బూడిద సముద్రం అడుగున పేరుకుని గట్టిపడిన రాయి. పొర మీద పొర ఉన్నట్టు సన్నటి చారలు కనిపిస్తే అవి ఆ బూడిద పొరలే. ఈ పార్కు ఉన్న చార్న్‌వుడ్ ప్రాంతంలోనే 1957లో రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడికి ఒక రాతిగనిలో ఆకు ఆకారపు ముద్ర కనిపించింది. దానికి చార్నియా అని పేరు పెట్టారు. అంత పాత రాళ్లలో కంటికి కనిపించేంత పెద్ద జీవులు ఉండవని అప్పటిదాకా అనుకునేవారు, ఆ ముద్ర ఆ నమ్మకాన్ని మార్చింది. ఇలాంటి ముద్రలు బ్రాడ్‌గేట్ రాళ్లలోనూ ఉన్నాయి. రాతిని సుత్తితో కొట్టడం, మేకుతో గీయడం, ముక్క జేబులో వేసుకోవడం ఏదీ చేయొద్దు. ఇంకో సంగతి: ఈ రాయి నున్నగా ఉంటుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. పాచి పట్టిన పచ్చటి చోట అసలు కాలు పెట్టొద్దు. ఇక్కడ పడి మణికట్టు విరగ్గొట్టుకునేది ఎక్కేటప్పుడు కాదు, ఫొటో కోసం రాతి మీది నుంచి కిందికి దూకేటప్పుడు.

చుట్టూ కనిపించేవి ఏమిటో దిక్కులతో సహా చూపించే ఫలకం ఒకటి గుట్ట మీదే ఉంది. దాని దగ్గర నిలబడి తూర్పుకు చూస్తే పెద్ద చెరువులాంటి నీళ్లు కనిపిస్తాయి. అది 1871 నాటి క్రాప్‌స్టన్ జలాశయం. దిగేటప్పుడు ఇది పనికొస్తుంది కాబట్టి బాగా గుర్తుపెట్టుకోండి. కనుచూపు మేరలోనే మరో గుట్ట మీద, యుద్ధాల్లో చనిపోయిన లెస్టర్‌షైర్ యోమన్రీ అనే స్థానిక గుర్రపు దళం సైనికుల స్మారకం నిలబడి ఉంటుంది. ఓపిక ఉంటే అక్కడికి వెళ్లి రండి. జనం తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ.

మూడో అంచె: దిగుడు, దారి తప్పితే ఏం చేయాలి

దారి తప్పేది ఇక్కడే. బురుజు నుంచి అన్ని వైపులకూ గడ్డిబాటలు చీలిపోతాయి, దేనికీ బోర్డు ఉండదు. మీరు పోవాల్సింది ఆగ్నేయంగా. జలాశయం నీళ్లు కొంచెం ఎడమ పక్కకు ఉండేలా చూసుకుంటూ దిగండి. మధ్యలో రాతిగోడలు కట్టిన చెట్ల తోపులు వస్తాయి. వాటిలోకి దూరకుండా గోడ పక్కగా చుట్టి పోవాలి.

మబ్బు దిగి ఏమీ కనిపించకపోయినా కంగారు పడకండి. దక్షిణానికో తూర్పుకో ఎటు దిగినా చివరికి పార్కును అడ్డంగా కోసుకుపోయే ఆ తారు రోడ్డే కాళ్లకు తగులుతుంది. రోడ్డు తగిలాక చుట్టూ చూడండి. పక్కన వాగు కనిపిస్తే ఎడమకు తిరిగి నీళ్లు పారే వైపే నడవండి. వాగు జాడ లేకపోతే కుడికి తిరిగి పల్లానికి నడవండి. రెండు విధాలా డీర్ బార్న్ అనే పాత కొట్టం, దానికి దగ్గర్లోనే పాడుబడ్డ పెద్ద ఇల్లు వస్తాయి. జింకలకు గడ్డి నిలవ చేయడానికి కట్టిన కొట్టం అది.

దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి, మోకాలు కొద్దిగా వంచి ఉంచండి. కాలు తిన్నగా చాచి దిగితే బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఏటవాలులో నేరుగా కాకుండా ఎడమకూ కుడికీ వంకరటింకరగా దిగితే హాయి.

జింకలు ఎక్కువగా కనిపించేది ఈ అంచెలోనే, ఇక్కడి నుంచి వాగు దాకా. రెండు జాతులు ఉంటాయి. వేసవిలో గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో కనిపించేవి ఫాలో జింకలు. చూడగానే మన చుక్కల దుప్పి అనుకుంటాం కానీ మగదాని కొమ్ములు చూస్తే తేడా తెలుస్తుంది: దుప్పి కొమ్ములు మొనదేలి ఉంటాయి, వీటివి పైన అరచెయ్యిలా వెడల్పుగా చదునుగా విచ్చుకుంటాయి. చలికాలంలో చుక్కలు మాసిపోతాయి. మందలో కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా కూడా ఉంటాయి, వేరే జాతి అనుకోవద్దు. రెండో జాతి ఎర్రజింక. ఒడ్డూ పొడుగూ ఎక్కువ, చుక్కలుండవు, కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి.

కనీసం 50 మీటర్లు ఎడం ఉంచండి. మేస్తున్న జింక తల ఎత్తి, నమలడం ఆపి, చెవులు మీ వైపు నిక్కించిందంటే మీరు దగ్గరికొచ్చేశారని అర్థం. అప్పుడు ఆగి, వెనక్కి జరగండి. తిండి పెట్టకూడదు. అరటిపండు తొక్కైనా, చపాతీ ముక్కైనా దాని కడుపుకు పడదు. పైగా మనిషి చేతి తిండికి అలవాటు పడిన మగజింక రేపు ఇంకొకరి పిల్ల చేతిలోని పొట్లం కోసం కొమ్ములు వంచుతుంది. మే చివరి నుంచి జూలై దాకా తల్లులు పిల్లల్ని ఫెర్న్ పొదల్లో పడుకోబెట్టి మేతకు పోతాయి. ఒంటరిగా పడుకున్న పిల్ల కనిపిస్తే అది తప్పిపోయిన పిల్ల కాదు. ముట్టుకోకుండా వచ్చిన దారినే వెళ్లిపోండి.

అక్టోబరులో మరింత జాగ్రత్త కావాలి. అది జత కట్టే కాలం. మగజింకల గర్జన బర్రె అరుపులా లోయంతా వినిపిస్తుంది. చూడ్డానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి సమయం లేదు, అందుకే కెమెరాలతో జనం ఎగబడతారు. రెండు మగజింకలు పక్కపక్కన సమానంగా నడుస్తున్నాయంటే కొట్లాట మొదలవబోతోందని గుర్తు. మగదానికీ దాని మందకూ మధ్యలోకి ఎప్పుడూ పోవద్దు. కుక్కను తెచ్చుకుంటే పట్టీ వదలొద్దు.

ఓక్ చెట్ల దగ్గర ఆగండి

చాలామంది ఇల్లు కనిపించగానే అటు పరుగెత్తి ఈ చెట్లను దాటేస్తారు. తప్పు. పార్కులో 500 ఏళ్లు దాటిన ఓక్ చెట్లున్నాయి. లావుపాటి మొద్దు, తల కన్నా కాస్త ఎత్తులో ఎవరో నరికేసినట్టు ఆగిపోయి, అక్కడి నుంచి కొమ్మలు గుత్తిగా లేస్తాయి. ఆ పాడుబడ్డ ఇంటి ఆడపిల్ల, కొద్దిరోజులు ఇంగ్లాండు రాణిగా ఉన్న లేడీ జేన్ గ్రే తల నరికినప్పుడు ఇక్కడి పాలేర్లు శోకంతో చెట్లకూ తలలు తీసేశారని చెప్పుకుంటారు. నిజమైన కారణం జింకల నోరే. నేల దగ్గర నరికితే వచ్చే లేత చిగుళ్లన్నీ జింకలు తినేస్తాయి. వాటికి అందనంత ఎత్తులో నరికితే చిగుళ్లు దక్కుతాయి, కొన్నేళ్లకు మళ్లీ కలప దొరుకుతుంది. జింకలకు ఎంత ఎత్తు అందుతుందో మీరే చూడొచ్చు: దూరంగా నిలబడి చెట్ల అడుగు అంచు గమనించండి. కత్తెర పట్టి కత్తిరించినట్టు అన్ని చెట్ల ఆకులూ ఒకే ఎత్తులో ఆగిపోతాయి.

తొర్రలోకి తొంగి చూస్తే ఎర్రటి పొడిలా రాలిన చేవ కనిపిస్తుంది. చెట్టు చచ్చిపోతోందని జాలిపడక్కర్లేదు. చెట్టు బతికేది బెరడు కిందున్న పలుచటి పొరలో. లోపల గుల్లయినా ఇంకా కొన్ని వందల ఏళ్లు నిలబడుతుంది. ఆ ఎర్రపొడిలో ఎన్నో రకాల పురుగులు కాపురముంటాయి. కింద పడిన దుంగల్ని కూడా వాటికోసమే తీయకుండా వదిలేస్తారు. తొర్రలో కూర్చుని ఫొటోలు దిగొద్దు, వేళ్ల మీద గుంపుగా తొక్కొద్దు. నేల గట్టిపడితే వేళ్లకు గాలీ నీరూ అందవు.

నాలుగో అంచె: పాడుబడ్డ ఇల్లు

ఎర్ర ఇటుక గోడలు, కూలిన బురుజులు, మధ్యలో గడ్డి. 1500 ప్రాంతంలో గ్రే వంశంవాళ్లు కట్టడం మొదలుపెట్టి, ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో పూర్తి చేశారు. చుట్టూ కందకంతో కోటలా కాకుండా, హాయిగా కాపురముండే బంగళాలా ఇటుకతో కట్టుకున్న తొలితరం ఇళ్లలో ఇదొకటి. లేడీ జేన్ గ్రే చిన్నతనం గడిచింది ఇక్కడే. 1550లో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు వచ్చేసరికి ఇంట్లోవాళ్లంతా ఇదే పార్కులో వేటకు పోయారట. పదమూడేళ్ల పిల్ల మాత్రం గదిలో కూర్చుని ప్లేటోను గ్రీకులో చదువుకుంటోంది. మూడేళ్లకు, 1553 జూలై 10న ఆమెను ఇంగ్లాండుకు రాణిగా ప్రకటించారు. జూలై 19న దించేశారు. 1554 ఫిబ్రవరి 12న లండన్ టవర్‌లో తల తీశారు. గోడల పక్కన నిలబడి, ఇప్పుడే దిగొచ్చిన గుట్ట వైపు చూడండి. ఇంట్లోవాళ్లు వేటాడిన బీడు అదే.

లోపలికి వెళ్లే ద్వారం అన్నివేళలా తెరిచి ఉండదు. వెళ్లే రోజున పార్కువాళ్ల దగ్గర వేళలు తెలుసుకోండి. మూసి ఉన్నా బయటి నుంచి చాలా భాగం కనిపిస్తుంది. గోడల మీద, చుట్టూ గడ్డిలో నెమళ్లు తిరుగుతుంటాయి. ఇండియా నుంచి వచ్చిన పక్షి ఇంగ్లాండు జమీందార్ల ఇళ్లకు అలంకారమైంది. వాటి కూత వినగానే ఊరు గుర్తొచ్చే పెద్దవాళ్లకు ఇక్కడ ఒక పావుగంట వదలండి.

ఐదో అంచె: వాగుకు ఎదురు నడక

ఇక తారు రోడ్డు. పక్కన పారేది లిన్ నది. పేరుకు నది కానీ మన లెక్కన వాగు. న్యూటౌన్ లిన్‌ఫోర్డ్ వైపు నుంచి వచ్చి జలాశయంలో కలుస్తుంది. కాబట్టి నీళ్లు మీకు ఎదురొస్తుంటే సరైన దారిలో ఉన్నారు. నీళ్లు మీతో పాటే వస్తుంటే కారుకు దూరమవుతున్నారు, వెనక్కి తిరగండి.

కొంతదూరం పోయాక రాళ్లు రెండు పక్కల నుంచీ దగ్గరికొచ్చి వాగు ఇరుకవుతుంది. ఆ చోటును లిటిల్ మట్లాక్ అంటారు. దీని పైనున్న నేలలో, జనం తొక్కి అరిగిపోయిన ఒక కాలిబాటలోంచి చెకుముకి రాతి ముక్కలు బయటపడ్డాయి. లెస్టర్ విశ్వవిద్యాలయంవాళ్లు 2014లో తవ్వి చూస్తే, సుమారు 15,000 ఏళ్ల కిందట వేటగాళ్లు మకాం వేసి పనిముట్లు చెక్కుకున్న చోటని తేలింది. లోయలోంచి పోయే జంతువుల్ని కాపు కాసి కొట్టడానికి వాళ్లు ఎంచుకున్న తావు అది. అడ్డదారి పడితే ఏం పోతుందిలే అనుకున్నప్పుడు ఇది తలుచుకోండి. అడుగు లోతున ఏముందో పైనుంచి తెలియదు.

తారు రోడ్డు కాబట్టి చక్రాల కుర్చీకీ, పిల్లల బండికీ ఇబ్బంది లేదు. ఎక్కలేని పెద్దవాళ్లను తీసుకొచ్చినప్పుడు గుట్ట మానేసి, న్యూటౌన్ లిన్‌ఫోర్డ్ గేటు నుంచి ఇదే రోడ్డు మీద ఇంటి దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. పోనూ రానూ రెండున్నర, మూడు కిలోమీటర్లు. వాగు, జింకలు, నెమళ్లు, ఇల్లు అన్నీ దక్కుతాయి. గుంపులో సగంమంది బురుజుకు, సగంమంది ఇటు వెళ్తే ఇంటి దగ్గర కలుసుకోవాలని ముందే సమయం అనుకోండి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

ఈ నేలంతా ఇవాళ మనం టికెట్ లేకుండా నడవగలుగుతున్నామంటే చార్లెస్ బెనియన్ అనే లెస్టర్ వ్యాపారి వల్లే. బూట్లు తయారుచేసే యంత్రాల కంపెనీ నడిపిన ఆయన 1928లో పార్కును కొని, లెస్టర్‌షైర్ ప్రజల పేర రాసిచ్చేశాడు.

కారు ఎక్కే ముందు

బూట్లను గడ్డి మీద రుద్ది బురద వదిలించండి. తడి మేజోళ్లు మార్చుకోండి. తర్వాత పిడుదుల కోసం వెతకండి. పిల్లల్లో తల వెంట్రుకల అంచు, చెవుల వెనక, పెద్దవాళ్లలో మోకాలి మడత, గజ్జలు, చంకలు, నడుం పట్టీ కింద. చిన్నది గసగసాల గింజంత కూడా ఉండొచ్చు. రాత్రి స్నానం చేసేటప్పుడు మరోసారి చూడండి.

అంటుకున్నది కనిపిస్తే వేళ్లతో గిల్లొద్దు, నూనె పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. అలా చేస్తే దాని కడుపులో ఉన్నది మన ఒంట్లోకి కక్కే ప్రమాదముంది. సన్నటి మొన ఉన్న ట్వీజర్స్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, తిప్పకుండా, నిదానంగా తిన్నగా పైకి లాగండి. ఆ చోట సబ్బుతో కడిగి, క్యాలెండర్‌లో తేదీ రాసిపెట్టుకోండి. ఆ తర్వాత మూడు నెలల్లోపు అక్కడ ఎర్రటి మచ్చ గుండ్రంగా పాకుతూ పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినట్టు ఒళ్లునొప్పులు పట్టుకున్నా జీపీ (మీ ఇంటి దగ్గరి డాక్టరు) దగ్గరికి వెళ్లి ఆ తేదీ, పార్కు పేరు రెండూ చెప్పండి.